పది గొంతులు, రెండు బటన్లు

ధర్మవరంలో ఓబులేసు అనే వీడియోగ్రాఫర్ ఉండేవాడు. కెమెరాకు తగిలించే సామాను ఏది కనిపించినా కొనకుండా ఉండలేకపోయేవాడు, కొన్నదాన్ని నేర్చుకునే ఓపిక మాత్రం అతనికి బొత్తిగా ఉండేది కాదు.

ఒకరోజు పక్క ఊరి హనుమక్క అతని దుకాణానికి వచ్చింది. ఆమె తండ్రి గోవిందప్ప తోలుబొమ్మలాటలో పేరుమోసినవాడు. ఒక్క గొంతుతోనే రాజును, రాక్షసిని, ముసలమ్మను, పసిపిల్లను, మొత్తం పదిమందిని పలికించేవాడు. ఇప్పుడు ఆ గొంతులో పుండు లేచింది. బెంగళూరులో ఆపరేషన్ చేస్తే ప్రాణం నిలుస్తుంది గానీ మాట పోతుందని డాక్టర్లు చెప్పారు.

"ఎల్లుండి మధ్యాహ్నం బస్సుకు పోతాండాము అన్నా," అంది హనుమక్క. "ఆ పొద్దున నాయన ఒక్క గంట ఆడతాడు. ఆ పది గొంతులూ నాకు కావల్ల. ఇంక ఆట ఆడాల్సింది నేనే కదా, వాటిని వినే నేర్చుకోవల్ల. మామూలు కెమెరా తెచ్చినా చాలు."

"ఇంత పెద్ద పనికి మామూలు కెమెరానా?" అన్నాడు ఓబులేసు, ఆమె అమాయకత్వానికి జాలిపడుతూ.

మర్నాడంతా అతను బిగించడమే పనిగా పెట్టుకున్నాడు. కెమెరాకు ఇనుప చట్రం తొడిగాడు. చట్రం పైన పట్టుకోవడానికి పిడి బిగించాడు. పిడి ముందు మైకు పెట్టాడు. మైకు బరువుకు ముందుభాగం వాలిపోయింది. అందుకని వెనక పెద్ద బ్యాటరీ తగిలించాడు. బ్యాటరీ అడ్డమొచ్చి కెమెరా తెర కనబడలేదు. అందుకని పక్కన ఇంకో తెర బిగించాడు. అన్నీ అయ్యాక నాలుగు మరలు మిగిలాయి. అవి ఎక్కడివో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. అసలు ఇందులో కెమెరా ఎక్కడుందా అని కాసేపు తనే వెతుక్కున్నాడు పాపం.

ఆ రోజు రానే వచ్చింది. గోవిందప్ప ఇంట్లో తలుపులు మూసి, తెల్లగుడ్డ కట్టి, దాని వెనక దీపం పెట్టారు. ఓబులేసు పిడి మీది బటన్ నొక్కాడు. రికార్డు అవుతోందా? మైకు మీద ఒక ఎర్రదీపం, బ్యాటరీ మీద ఒకటి, పక్కతెర మీద ఇంకొకటి. ఏది దేనిదో గుర్తు రాలేదు. అనుమానం తీరక కెమెరా మీది బటన్ కూడా నొక్కాడు.

ఆ రెండు బటన్లదీ ఒకటే పని. ఒకసారి నొక్కితే రికార్డు మొదలవుతుంది, మళ్లీ ఏది నొక్కినా ఆగిపోతుంది. ఆ సంగతి ఓబులేసుకు తెలియదు. ఇన్ని దీపాలు వెలుగుతున్నాయి కదా, అదే ధైర్యం అనుకున్నాడు.

గోవిందప్ప ఆడాడు. రాజు హుంకరించాడు, పసిపిల్ల ఏడ్చింది, రాక్షసి నవ్వితే చూరు అదిరింది. మధ్యలో మూడుసార్లు ఆయన మంచినీళ్లకు ఆగాడు. ఆగినప్పుడల్లా ఓబులేసు రికార్డు ఆపుతున్నాననుకుని ఒకసారి, ఆట మళ్లీ మొదలైనప్పుడల్లా మొదలుపెడుతున్నాననుకుని ఒకసారి నొక్కాడు.

"ఒకసారి చూపించన్నా," అంది హనుమక్క, ఆట ముగియగానే.

తెర మీద తెల్లగుడ్డ ఒక్క క్షణం కనిపించి పోయింది. తర్వాత మట్టినేల, ఓబులేసు కాళ్లు, వేలాడే వైర్లు. నీళ్లు తాగుతున్న చప్పుడు. "నాయనా, అంత బరువు ఎట్ల మోస్తాండావు? దించి కూచో," అంటున్న గోవిందప్ప గొంతు. మళ్లీ నేల, మళ్లీ కాళ్లు. ఓబులేసు ముందుకు జరిపి చూశాడు, వెనక్కి జరిపి చూశాడు. ఆట ఏమైందో అర్థం కాలేదు. చివరికి తెలిసింది: ఆట నడిచినంతసేపూ రికార్డు ఆగి ఉంది, ఆట ఆగినప్పుడే నడిచింది.

దుకాణంలో సరిచేసి ఇస్తానని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ గోవిందప్ప మాట పోగొట్టుకుని తిరిగొచ్చాక తనేం చెబుతాడు? సిగ్గుతో తల ఎత్తలేక, "హనుమక్కా, ఆట రాలేదు. నేనే చెడగొట్టినా," అన్నాడు.

"చెప్పినా కదన్నా, మామూలు కెమెరా చాలని!" అని ఆమె ఏడ్చేసింది.

బస్సుకు ఇంకా అరగంట ఉంది. గోవిందప్ప గొంతు అప్పటికే బొంగురుపోయింది. "ఏడవొద్దమ్మా. ఇంకొక్కటి పలకగలను. ఏది కావల్ల?" అన్నాడు.

హనుమక్క కళ్లు తుడుచుకుని, "రాక్షసి నవ్వు నాయనా. అది నాకు బొత్తిగా రాదు," అంది.

ఓబులేసు గబగబా మరలు తిప్పాడు. మైకు తీయబోతే పిడి ఊడింది, పిడి తీయబోతే తెర ఊగింది. ఏది దేన్ని పట్టుకుని ఉందో తెలియక చెమటలు కక్కాడు. ఎట్టకేలకు కెమెరా ఒక్కటీ చేతికొచ్చింది. దాంతో నాలుగు నిమిషాలు తీశాడు. మళ్లీ చూస్తే, గుడ్డ మీద రాక్షసి నిక్షేపంగా నవ్వుతోంది. అప్పుడే బయట బస్సు హారన్ వినిపించింది.

మరుసటేడు హనుమక్క మొదటిసారి ఒంటరిగా ఆట ఆడింది. రాక్షసి నవ్వగానే జనం అచ్చం గోవిందప్పే అన్నారు. రాజు దగ్గరికి వచ్చేసరికి ఆమె తడబడి తండ్రివైపు చూసింది. గోవిందప్ప చేతులు తిప్పి, పెదవులు కదిపి, ఆ గొంతు ఎలా పలకాలో చెప్పబోయాడు. చప్పుడు రాలేదు. జనంలో కూర్చున్న ఓబులేసు ఆ ముఖం చూడలేక తల దించుకున్నాడు.

అందుకే, మళ్లీ అవకాశం దొరకని పనికి వెళ్లేటప్పుడు ఎక్కువ సామాను కాదు, చేతికి అలవాటైన సామాను తీసుకెళ్లాలి.