నాంచారమ్మ మార్చని లెక్క

అనగనగా, గుర్రపుశాలలు ఖాళీ అయి మోటారు బళ్లు వచ్చిన కాలంలో, పైడికొండ అనే చిన్న రాజ్యం ఉండేది. ధవళవర్మ దానికి రాజు. మనసు చెడ్డది కాదు గానీ చెవులు మెత్తన. తియ్యగా చెప్తే చాలు, ఏ మాటైనా ఇట్టే నమ్మేసేవాడు.

ఆ రాజు ఒకనాడు సముద్రాల అవతలి నుంచి ఒక కారు తెప్పించాడు. దానికి రెండే తలుపులు. నేలను ముద్దాడుతున్నట్టుండే ఒళ్లు. పండు మిరపకాయ రంగు. ఇంజనుకు ఐదువందల గుర్రాల బలం ఉందన్నారు.

"ఇంత బలమైన బండికి పెట్రోలు ఎంత కావాలి?" అని రాజు అడిగాడు.

ఆ కారు కొనిపించినవాడు మంత్రి కుంభన్న. అతను చేతులు కట్టుకుని, "లీటరుకు పది మైళ్లు ప్రభూ! తాగడంలో పిచ్చుక, ఎగరడంలో డేగ" అన్నాడు.

ఆ డేగను సాఫీగా తోలడం ఎవరి తరమూ కాలేదు. చివరికి నాంచారమ్మను పిలిచారు. పదిహేనేళ్లుగా కోట ధాన్యం లారీని కొండదారుల్లో తోలుతున్న మనిషి ఆమె.

నాంచారమ్మ తొలిసారి యాక్సిలరేటరు తొక్కింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అనేలోగా వేగం ముల్లు అరవై దాటింది. దారి పక్క తుమ్మచెట్లు వచ్చినట్టే వచ్చి వెనక్కి పోయాయి. ఉయ్యాలెక్కిన పిల్లలా ఆమె పకపకా నవ్వింది.

"ఇది బండి కాదు నాయనా, బాణం!" అని కోట కాపలావాడితో చెప్పుకుంది.

కారంటే ఆమెకు ప్రాణమైపోయింది. అయినా ప్రేమ ఆమె కళ్లకు గంతలు కట్టలేదు.

నెల తిరిగింది. లీటరుకు ఎన్ని మైళ్లు నడిచిందని రాజు నిండు సభలో నాంచారమ్మను అడిగాడు.

"మూడు మైళ్లు మహారాజా. మీరు తొందర పెట్టిన రోజున అదీ లేదు."

కుంభన్న నవ్వాడు. "బండి తప్పు కాదు ప్రభూ, కాలి తప్పు. లారీ తొక్కిన కాలు కదా, బరువెక్కువ!"

సభ గొల్లుమంది. రాజుకూ నవ్వొచ్చింది. "పోనీలే, లెక్కల పుస్తకంలో పది అని రాయి" అన్నాడు.

"బండి ఎలా తోలమంటే అలా తోలతాను. లెక్క మాత్రం మార్చను" అంది నాంచారమ్మ.

రాజుకు కోపం వచ్చింది. ఆమె జీతం సగానికి కోయించాడు.

మరో నెల గడిచింది. కారు చక్రాల టైర్లు నాలుగూ బోడిగుండ్లయ్యాయి. కొత్తవి ఓడలో రావాలి. వాటి వెలకు ధాన్యం లారీయే ఒకటి వస్తుంది. టైర్లు ఏడాది మన్నుతాయని సభలో చెప్పమని కుంభన్న ఆమెకు ముందే కబురు పెట్టాడు.

నాంచారమ్మ ఆ మాట చెప్పలేదు. అరిగిన టైరొకటి సభలోకి దొర్లించుకొచ్చి సింహాసనం ముందు నిలబెట్టింది.

"రెండు నెలల పిల్ల ఇది. చూడండి, ఒక్క గీత మిగల్లేదు. నా మాట చేదైతే దీన్నే అడగండి."

చుట్టాలూ అతిథులూ చూస్తుండగా రాజు ముఖం కారు రంగుకు తిరిగింది. "తాళాలు తీసుకోండి! ఇకమీద ఈవిడ బండి కడిగితే చాలు!" అని అరిచాడు.

జీతం కోసినప్పుడు ఆమెకు ఇంత నొప్పి లేదు. ఎవరెవరో గేర్లు కరకరలాడిస్తూ తోలుతుంటే పళ్లు బిగించి, బకెట్టు పట్టుకుని నిలబడింది. అయినా మాట మార్చలేదు.

ఇంతలో కోటలో పెట్రోలు అడుగంటింది. రైతులు పొలాలకు నీళ్లు తోడుకునే ఇంజన్లుంటాయి కదా, వాటికి దాచుకున్న పెట్రోలును ఇంటికో డబ్బా చొప్పున కుంభన్న బలవంతంగా పట్టించాడు. ఊళ్లు గొణిగాయి. అదే సమయంలో పొరుగు రాజు సరిహద్దుకు విడిదికి వచ్చాడు. కారు దర్పం చూపించాలని ధవళవర్మకు తహతహ. కానీ ఆ కొండదారిలో దాన్ని తోలగలిగింది నాంచారమ్మ ఒక్కతే.

ఆమెను మూడోసారి సభకు పిలిచారు. ప్రజలు కూడా కిక్కిరిసి ఉన్నారు.

"లీటరుకు పది మైళ్లని ఈ జనం ముందు చెప్పు. పూర్తి జీతమిస్తాం, తాళాలిస్తాం. కాదన్నావో, పొద్దుగూకేలోగా రాజ్యం వదిలి పో" అన్నాడు కుంభన్న.

బయట ఎండలో కారు మెరుస్తోంది. నాంచారమ్మ ఒక్క క్షణం దానివైపు చూసింది. తర్వాత తల పైకెత్తింది.

"పొమ్మంటే పోతాను. తల తీస్తామన్నా వంచుతాను. లెక్క మాత్రం మార్చను! అయినా నా మాటెందుకు, మంత్రిగారి మాటే నిలబెడదాం. సరిహద్దు ముప్ఫై మైళ్లు. ఆయన లెక్కకు మూడు లీటర్లు చాలు. ట్యాంకు ఖాళీ చేసి సరిగ్గా మూడు లీటర్లే పోయండి. ప్రభువులూ మంత్రిగారూ నాతో రండి. చేరితే అటునుంచి అటే దేశం వదిలిపోతాను."

కుంభన్న పెదవులు తడుపుకున్నాడు. "దేనికైనా మంచిది, ఇంకో పది లీటర్లు..."

"ఎందుకూ?" అన్నాడు రాజు. "పిచ్చుక తాగినంతే తాగుతుందన్నావుగా!"

ముగ్గురూ బయల్దేరారు. రాజు ముందు కూర్చున్నాడు. వెనక ఉన్న జానెడు సీటులో కుంభన్న మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఇరుక్కున్నాడు. కారు గర్జించింది. గాలి విడిపోయింది. "ఇంకా! ఇంకా!" అన్నాడు రాజు. నాంచారమ్మ మనసారా తోలింది. ఎనిమిదో మైలురాయి దగ్గర ఇంజను రెండుసార్లు దగ్గి, ఊరుకుంది.

మిట్టమధ్యాహ్నం. రెండు వైపులా మిరప తోటలు. మొక్కలన్నీ తలలు వాల్చేశాయి. గట్టున ఆగిపోయిన నీటి ఇంజను పక్కన ఒక ముసలి రైతు కూర్చుని ఉన్నాడు. రాజు దిగి అతని దగ్గరికి వెళ్లాడు.

"తోటకు నీళ్లు పెట్టలేదేం తాతా?"

అతను వచ్చినవాడెవరో ఎరగడు. "ఏం పెట్టి తోడమంటావయ్యా? ఉన్న ఒక్క డబ్బా కోటవాళ్లు పట్టుకుపోయారు. రాజుగారి కారుకు దాహమట. దాని దాహం తీరింది, నా తోట నోరు ఎండింది."

రాజు ఎండిన ఆకు ఒకటి తెంపాడు. అది చేతిలో పొడైపోయింది. వెనక్కి తిరిగి చూస్తే కుంభన్న ఇంకా సీటులోంచి బయటికి రాలేక పెనుగులాడుతున్నాడు.

"నన్ను మోసం చేసింది ఇతనొక్కడేనా నాంచారమ్మా?"

"కాదు మహారాజా. నేను మూడుసార్లు చెప్పాను. మీకు వినబుద్ధి కాలేదు."

అంత మాట ఆ రాజుతో ఎవరూ అనలేదు. ఆయన తలవంచాడు. ఎనిమిది మైళ్లూ కాలినడకన కోటకు వచ్చాడు. పట్టిన డబ్బాలన్నిటికీ బదులు తన సొంత నగలమ్మి పెట్రోలు తెప్పించి ఇంటింటికీ పంపాడు. కుంభన్న పదవి పోయింది. కారును ఓడరేవు వర్తకుడికి అమ్మేశారు. దాన్ని రేవుదాకా తోలుకెళ్లింది నాంచారమ్మే. ఆ దారంతా ఆమె తనివితీరా తోలింది.

తిరిగి రాగానే రాజు మంత్రి పదవి ఇస్తానన్నాడు. "నాకు లారీ చాలు ప్రభూ. అడిగినప్పుడు మాత్రం నిజమే చెప్తాను, కోపగించుకోకండి" అంది.

నిజం చెప్పే నోరు మూయించినంత మాత్రాన ఖర్చు తగ్గదు. అది మన కంటికి కనపడని చోట, ఏ పాపం తెలియని వాళ్ల దగ్గర వసూలవుతుంది.