ఏటి అవతలి రాళ్లు

మందవాక చాలా చిన్న రాజ్యం. పక్క రాజులు నెగ్గినప్పుడల్లా తరిగేది, ఓడినప్పుడల్లా కాస్త పెరిగేది. ఇరుగపరాజు గద్దెనెక్కగానే గుడ్డ మీద దేశపటం గీయమని చిత్రకారుణ్ణి పిలిపించాడు.

"మనవాళ్లు యుద్ధంలో నేలకొరిగిన చోటల్లా వీరగల్లు నిలబెట్టాం. ఆ రాళ్లున్నంత మేరా మన నేలే. అంతవరకూ గీయి. రేపే దండు కదులుతుంది" అన్నాడు.

ఏటి అవతల ఉన్న తన ఇద్దరు పెద్దకొడుకుల రాళ్లకు సున్నం వేయడానికి బయల్దేరిన కొమరవ్వను, ఆ రాళ్ల జాడ చెప్పమని భటులు సభకు తీసుకొచ్చారు.

ఆమె సున్నపు ముంత పట్టుకునే నిలబడింది. "ప్రభూ, మీ నాన్నగారి కాలంలో శత్రువులు ఈ కోటలోకి చొరబడి చచ్చారు. వాళ్లకూ ఆయన నిలబెట్టించిన రాళ్లు మీ పెరట్లోనే ఉన్నాయి. ఈ లెక్కన కోట వాళ్లది కాదా?"

రాజు ముఖం మాడిపోయింది. "వాటిని పీకించేస్తాను."

"పీకించండి. అవతల మనవి వాళ్లూ పీకేస్తారు. అప్పుడు దండు ఏ రాయి దాకా వెళ్లాలి?"



"అయితే గీత ఎక్కడ గీయమంటావు?" అన్నాడు రాజు చివరికి.

"మా చిన్నవాడు మీ దండులోనే ఉన్నాడు ప్రభూ. వాడు పొద్దున వెళ్లి, పొద్దుగూకేలోగా ఇంటికి తిరిగి రాగలిగినంత దూరంలో గీయించండి."

రాజు తలూపాడు. చిత్రకారుడు ఏటికి ఇవతలి ఒడ్డునే గీత గీశాడు. పెద్దకొడుకుల రాళ్లు పరాయి దేశంలో పడ్డాయి.

కొమరవ్వ ఆ గీత వైపు కాసేపు చూసి, సున్నపు ముంత అక్కడే దించేసి ఇంటికి వెళ్లిపోయింది.