పళ్ళెం మోగితే నవ్వాలి

మడకశిర చుట్టుపక్కల తెలివంటూ ఉంటే అది తమ ఇంట్లోనే ఉందని విరూపన్న కుటుంబం నమ్మకం. వానొస్తే గొడుగు తడిసి పాడైపోతుందని ఇంట్లో దాచి, తాము తడుస్తూ వెళ్ళేంత ముందుచూపు వాళ్ళది.

విరూపన్న భార్య తిప్పక్కకి మాత్రం ఒక బెంగ ఉంది. కూతురిది తుమకూరు కాపురం. నాలుగేళ్ళ మనవరాలికి కన్నడం తప్ప ఇంకోటి రాదు. కిందటి సెలవుల్లో ఒక్కదాన్నే దిగబెట్టి వెళితే, పిల్ల ఏదో అడిగి అడిగి, ఏడ్చి పడుకుంది. ఏమడిగిందో తిప్పక్కకి ఇప్పటికీ తెలీదు. మళ్ళీ నెలకి వస్తోంది. ఈసారి పిల్ల మాట తనకి అర్థం కావాలి. అంతే.

లైబ్రరీ మస్తాన్ సారు కన్నడ కథల పుస్తకాలు కట్ట కట్టి ఇచ్చాడు. ఆ అక్షరాలు మనవాటికి చుట్టాలే, భయం లేదన్నాడు. సంతోషం కోసం చదవమన్నాడు. తెలియని మాటొస్తే ఆగొద్దు, వదిలేసి పొమ్మన్నాడు.

ఇంకేముంది, మరిది నంజుండు అన్నం ఉడికేలోగా పదకొండు పుస్తకాలు ముగించాడు. కథలేమిటని తిప్పక్క అడిగింది.

"కథలన్నీ తెలియని మాటల్లోనే ఉన్నాయి వదినా. సారు వదిలేయమన్నాడు కదా."

విరూపన్న తమ్ముడి వీపు తట్టాడు. కానీ సంతోషం కనబడాలి కదా అన్నాడు. అంతే, పేజీ తిప్పినప్పుడల్లా ఆయన పళ్ళెం మోగించడం, అందరూ నవ్వడం. ఆ నవ్వులకి బర్రె తాడు తెంపుకుపోయింది. ఏ గాలి సోకిందోనని పక్కింటివాళ్ళు నిమ్మకాయలతో వచ్చారు. వాళ్ళనీ కూర్చోబెట్టి పుస్తకాలు పంచారు. నవ్వనివాళ్ళకి చక్కిలిగింతలు పెట్టారు.

తిప్పక్కకి నవ్వు రాలేదు. బొమ్మల పుస్తకమొకటి కొంగులో దాచుకుని వంటింట్లో దూరింది. కథలో తల్లి కనబడక ఒక దూడ గడప గడపా తిరుగుతోంది. తెలిసిన మాట ఒకటి, తెలియనివి నాలుగు. బొమ్మ చూసింది, వెనక్కెళ్ళి మళ్ళీ చదివింది. పప్పు మాడిన వాసన కూడా తెలియలేదు. దూడకి తల్లి దొరికేసరికి ఆమె కళ్ళు నిండాయి.

"ఏమే, సంతోషంగా చదవమంటే ఏడుస్తావా? సారుకి తెలిస్తే పరువుంటుందా?" అని విరూపన్న పుస్తకం లాక్కున్నాడు.

మర్నాడు ఇంకోటి దాచుకుంది. దొంగలది, ఎలుకలది, దోసెలమ్మే ముసలమ్మది. నెల తిరిగేసరికి ముప్పై అయ్యాయి. తను కన్నడం నేర్చుకుంటోందని ఆమెకే తెలియదు.

పిల్ల వచ్చింది. తల్లి అదే బస్సులో వెనక్కి వెళ్ళగానే అమ్మమ్మ కొంగు పట్టుకుంది.

"అజ్జీ, హసివు ఆగ్తిదె. ఊట కొడు."

ఆకలేస్తోందట, అన్నం పెట్టమంటోంది. తిప్పక్కకి ఒక్క మాట మిగలకుండా అర్థమైంది. వెంటనే అనుమానమూ వచ్చింది. తను నేర్చుకున్నది చదవడం. వినడం ఎవరూ నేర్పలేదే. చెవిన పడింది నమ్మి ఏదో పెట్టేస్తే, అది తప్పయితే? పసిబిడ్డతో ఆటలా?

అంతే, పిల్లని ఇంటికి తీసుకెళ్ళి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పలకా బలపం చేతికిచ్చింది.

"రాయి తల్లీ. చదివి పెడతాను."

'ఊట' రాయాలంటే ముందు 'ఊ' దాకా రావాలి. పిల్ల ఇంకా 'ఆ' దగ్గరే ఉంది. అన్నం చల్లారుతోంది.