సుడి చెప్పినవాడు, కాలు చెప్పినవాడు

మా గోవర్ధనం మాస్టారికి ఒక పాడు అలవాటుంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పులేసుకుంటారు. షేర్ల వ్యాపారం నేర్చుకుందామని ఆయన మేడగదిలో చేరినవాళ్ళం, పాఠం విన్నదానికంటే ఎండలో ఆయన వెనకాల తిరిగిందే ఎక్కువ.

ఒక శనివారం హిమజ కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చింది. మందుల కొట్టు నడుపుకుంటుంది. తమ్ముడికి తలసేమియా, నెలనెలా రక్తం ఎక్కించాలి. ఆ జబ్బుకు మందు తయారుచేస్తున్న ఓ చిన్న కంపెనీ షేర్లలో, ఆశకొద్దీ, దాచుకున్నదంతా పెట్టింది. ముందురోజు పేరు చెప్పుకోని ఎవడో ఆ కంపెనీ అంతా బూటకమని ఇంటర్నెట్లో రాశాడు. షేరు సగానికి పడిపోయింది. రాసినవాడు షార్ట్ సెల్లరు, అంటే షేరు పడితేనే బాగుపడే మనిషి. ఆ సంగతి కింద తనే రాసుకున్నాడు కూడా.

"మనం మునిగితే లాభపడేవాడి మాట నమ్మొచ్చా మాస్టారూ?" అని అడిగింది.

ఆయన చెప్పులేసుకున్నారు.

తీసుకెళ్ళింది పశువుల సంతకి. అక్కడ పేరయ్య అనే రైతు ఒక గిత్తను పట్టుకుని నిలబడ్డాడు. దాని మీదకి ఇద్దరు బేరగాళ్ళు వచ్చారు. మొదటివాడు దాని వీపు నిమిరి, దీనికి పాడు సుడి ఉంది, కట్టేసుకున్న ఇల్లు మూడేళ్ళలో మట్టికొట్టుకుపోతుందని అందరికీ వినబడేలా అన్నాడు. చూస్తున్నవాళ్ళు మెల్లగా జారుకున్నారు. రెండోవాడు చుట్టూ తిరిగి చూసి, వెనక ఎడమ కాలు దాస్తోంది, బరువు మోపట్లేదు, కావాలంటే పల్లంలోకి నడిపించి చూసుకోమన్నాడు. ఆ మాటంటూనే పేరయ్య చేతిమీద తువ్వాలు కప్పి, సంత పద్ధతిలో కింద వేళ్ళు నొక్కి తన ధర చెప్పాడు. పేరయ్యకి ఒళ్ళు మండి చెయ్యి లాక్కున్నాడు. అంతా ఒక తాను ముక్కలే, ధర దించడానికే ఈ వేషాలని ఇద్దర్నీ కలిపి దులిపేశాడు. హిమజకి ప్రాణం లేచొచ్చింది. పొద్దుట్నుంచీ తను అనాలనుకుంటున్నదీ అదే మరి.

మాస్టారు మాత్రం ఒక్కసారి నడిపించి చూడమని పేరయ్యని బతిమాలారు. పల్లంలోకి దిగగానే గిత్త కుంటింది. పేరయ్య మొహం మాడిపోయింది. తిట్టడం ఆపి, వంగి కాలెత్తి చూశాడు. గిట్టల మధ్య కంకరరాయి ఇరుక్కుని ఉంది. పీకేశాడు. కాసేపటికి ఆ గిత్తే పల్లం దిగి, ఎక్కి, దర్జాగా తోక ఝాడించింది. రెండో బేరగాడు నవ్వేసి తువ్వాలు మళ్ళీ కప్పాడు. ఈసారి పేరయ్య చెయ్యి లాక్కోలేదు.

హిమజ ఉండబట్టలేక ఆ బేరగాణ్ణి నిలదీసింది, ధర దించడానికే కదా కాలు మాట ఎత్తావని.

"దించడానికేనమ్మా. అబద్ధమైతే చెప్పలేదుగా" అన్నాడు వాడు.

తిరిగొస్తూ బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆమె ఫోను తీసి ఆ రాత మళ్ళీ చదివింది. ఓనర్లు దొంగలు, వాళ్ళ కార్లు చూడండి, కంపెనీకి ఇక రోజులు దగ్గరపడ్డాయి. అన్నీ సుడులే. నాలాంటివాడైతే అక్కడితో ఫోను జేబులో పెట్టేవాడు. ఆ పిల్ల పెట్టలేదు. ఒకచోట మాత్రం, మందు వాడి చూసిన రోగుల్లో కొందరు మధ్యలో మానేశారనీ, వాళ్ళని కంపెనీ లెక్కలో చూపలేదనీ ఉంది. అది ఎక్కడ చూసుకోవాలో కూడా రాశాడు. అలాంటి వివరాలు చదవడం ఆమెకి వచ్చు. ఇంటికెళ్ళి ముందు అది చూస్తాననీ, వాళ్ళెందుకు మానేశారో కంపెనీనే అడుగుతాననీ అంది. పొద్దున వచ్చినప్పటి మొహం కాదది. అంతలో తమ్ముడు గుర్తొచ్చాడు కాబోలు, గొంతు తగ్గింది.

"నిజంగానే కుంటితే మాస్టారూ?"

మాస్టారు చెప్పులో ఇసుక దులుపుకుంటూ, "కాలెత్తి చూడాలమ్మా, రాయో ఎముకో" అన్నారు.