పదహారు కూతల భాష

నల్లవాగు ఒడ్డున బొరియల్లో కాపురముండే జంతువులకు వానాకాలమంటే హడల్. వాగు పక్కన మెట్లు మెట్లుగా ఒక బండ ఉంది. నీళ్ళు పదో మెట్టు ఎక్కితే పిల్లాపాపలతో గుట్ట మీదికి పోవాలి, ఐదుకు దిగితే ఇళ్ళకు రావచ్చు. గుట్ట మీంచి వాగు కనబడదు గనుక ఒకరు బండ దగ్గరుండి లెక్క కేకేసి చెప్పాలి.

ఇన్నాళ్ళూ ఆ పని ఉడుము తాతది. ఉడుము భాషలో లెక్క మహా నిదానం. ప్రతి మెట్టూ గోటితో తడిమి, అంకె రెండుసార్లు పలికి, అనుమానమొస్తే "ఆగండర్రా, నాకు తేలలేదు" అనేస్తాడు. ఆ ఏడు లకుముకి పిట్ట ముందుకొచ్చింది. దాని భాషలో అంకెకో కూత, రెప్పపాటులో లెక్క పూర్తి.

"ఏ భాష మేలో పోటీ పెట్టి తేల్చేద్దాం," అన్నాడు గుంటనక్క. తీర్పరి కూడా తనే.

నక్కకు ఒక సంగతి తెలుసు. లకుముకి చేపలు లెక్కపెట్టుకుంటుంటే పొదలోంచి విన్నాడు. దాని భాషలో కూతలు పదహారే. పదిహేడో చేపకు మళ్ళీ "ఒకటి" అంటుంది, అందులో తప్పేమిటో దానికే తెలియదు. నక్క ఆ మాట కడుపులో దాచుకుని, పోటీకి పదహారు లోపు గులకరాళ్ళే లెక్కపెట్టమని ఇచ్చాడు. ఉడుము మొదటి గులకరాయి తడుముతుండగానే లకుముకి పన్నెండూ చెప్పేసింది.

"పెద్ద లెక్క ఒకటిచ్చి చూడవయ్యా," అన్నాడు ఉడుము.

"ఓడిపోయినవాళ్ళందరూ ఇదే మాటంటారు తాతా!"

అందరూ విరగబడి నవ్వారు. నవ్వినవాళ్ళలో సగం మంది ఆ వానాకాలం దాటలేదు.

శ్రావణంలో ముసురు పట్టింది. లకుముకి "పది!" అని కూయగానే అందరూ గుట్ట ఎక్కారు. నక్క తన పెళ్ళాన్నీ నలుగురు పిల్లల్నీ ఒక రాతిచాటున కూర్చోబెట్టాడు.

"నేనొచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలకు."

"ఎందుకు?"

"చెప్పింది చెయ్యవే!"

అసలు సంగతి చెబితే ఆవిడ ఎక్కడ నోరు జారుతుందోనని అతని భయం. లెక్క తప్పి దిగినవాళ్ళు మునుగుతారు, మునిగినవాళ్ళు దిగువ మలుపు దగ్గరికే కొట్టుకొస్తారు. ఇక కొన్నాళ్ళు వేట పనే ఉండదు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

మూడు రోజులు ఎవరికీ తిండి లేదు. పిల్లలు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లారు. పద్నాలుగు అని వినిపించింది, పదిహేను, పదహారు. ఆ తర్వాత, "ఒకటి!"

"పదహారు నుంచి ఒక్కసారే ఒకటికా?" అంది కుందేలు.

"దిగువన గండి పడి నీళ్ళు లాగేసి ఉంటాయి వదినా," అన్నాడు నక్క.

"ఉండండర్రా, నేను వెళ్ళి తడిమి చూసొస్తా," అన్నాడు ఉడుము.

"నువ్వు చూసొచ్చేసరికి నా పిల్లలు చస్తారు తాతా!" అంటూ కుందేలు పరుగందుకుంది. నక్క అడ్డదారిన మలుపు దగ్గరికి జారుకున్నాడు.

కిందికి దిగే బాట నిట్టనిలువు, అంతా బురద. పొదలు దాటేదాకా నీళ్ళు కనబడవు. కనబడగానే ముందువాళ్ళు ఆగబోయారు. వెనకవాళ్ళు తోసుకొచ్చారు.

మలుపు దగ్గర నక్క మొదట కుందేలు శవాన్ని ఒడ్డుకు లాగాడు. తర్వాత చిన్నదొకటి వచ్చింది. మెడ పట్టి లాగి, వెల్లకిలా తిప్పి చూశాడు. తన పెద్దకొడుకు.

కాసేపటికి ఉడుము ఒడ్డు వెంట వెతుక్కుంటూ వచ్చాడు.

"తాతా, మా ఆవిడ గుట్ట మీదే ఉందిగా? కదలొద్దని చెప్పానే!"

"నేనూ చెప్పాను నాయనా. 'లకుముకి లెక్కే గొప్పదని మా ఆయనే తేల్చాడు, గండి పడిందనీ ఆయనే అన్నాడు, ఇంక భయమేముంది' అంది. పిల్లల ఆకలి చూడలేక కుందేలు వెనకాలే దిగింది."

నక్క మళ్ళీ నీళ్ళవైపు తిరిగాడు. ఇంకో మూడు చిన్న శవాలు తేలుకుంటూ వచ్చాయి. ఒక్కొక్కటే లాగి అన్న పక్కన వరసగా పడుకోబెట్టాడు. పెళ్ళాం దొరకలేదు.

ఎవరికైనా లెక్క అప్పగించే ముందు, వాళ్ళు ఎంత త్వరగా చెబుతారని కాదు, తెలియనప్పుడు తెలియదని చెబుతారా అని చూసుకోవాలి.