మూల ముక్క

దస్తగిరి తండ్రి ఏళ్ల తరబడి మంచం మీదే ఉన్నాడు. స్నానం చేయించడం, అన్నం తినిపించడం అన్నీ దస్తగిరే చూసుకున్నాడు. ఆ తండ్రి పోయిన రోజు, ఖబరస్తాన్‌లో అందరూ మట్టి వేస్తుంటే, పక్కింటి ఖాజా హుస్సేన్ ఒక మాట అన్నాడు.

"బతికున్నప్పుడు చూసుకోనోడు ఇప్పుడు ఏడిస్తే ఏం లాభం?"

ఊళ్లోవాళ్లంతా విన్నారు. ఆ మాట మోయలేకే దస్తగిరి ప్రొద్దుటూరులో గఫూర్ సాహెబ్‌కు శిష్యుడయ్యాడు. ఆయన ముసలి సూఫీ గురువు. గురువారం సాయంత్రాలు ఆయన ఇంట్లో పదిమంది చేరి దేవుణ్ణి తలుచుకుని, ఏదో ఒకటి తిని వెళ్లేవాళ్లు.

ఒక గురువారం దస్తగిరి పెందలాడే వచ్చాడు.

"హజ్రత్, నేను ఖాజాను క్షమించేశాను. మనసులో ఆవగింజంత కోపం కూడా లేదు. ఇక తర్వాతి పాఠం చెప్పండి."

"సంతోషం నాయనా. ఈ పూట ఓట్స్ కుకీ బార్లు నువ్వే చెయ్యి. ఖాజాను కూడా రమ్మన్నాను."

దస్తగిరికి వంట బాగా వచ్చు. వెన్నలో బెల్లం పొడి గిలక్కొట్టి, ఓట్సూ మైదా కలిపి, ట్రేలో అదిమి ఓవెన్‌లో పెట్టాడు. ఇల్లంతా కమ్మటి వాసన. బాగా చల్లారాక పైన పంచదార పొడి, వెన్న కలిపిన క్రీమ్ పూశాడు. గఫూర్ సాహెబ్ వంటింటి పీట మీద కూర్చుని చూస్తున్నాడు.

దస్తగిరి ముక్కలు కోసి ప్లేట్లలో సర్దుతూ పేర్లు చెప్పాడు.

"ఇది మీకు హజ్రత్, మెత్తగా ఉంది. ఇది ఇమాం సాబ్‌కు. ఇది మహబూబీ అక్కకు. ఇది ఖాజాకు."

గఫూర్ సాహెబ్ చెయ్యి చాపి ఖాజా ప్లేటు తీసుకున్నాడు. అందులో ఉన్నది ట్రే మూల ముక్క. అడుగు మాడింది. పైన క్రీమ్ ఉందంటే ఉంది.

దస్తగిరి అది అప్పుడే గమనించాడు.

"మూల ముక్క ఎవరో ఒకరికి రావాలి గదా, హజ్రత్" అన్నాడు.

"రావాలి."

ఆయన ఆ ముక్క కొరికాడు. ఉన్న నాలుగు పళ్లతో చాలాసేపు నమిలాడు. నీళ్లు తాగాడు.

"కోపం పోయిందన్నావు గదా" అన్నాడు. "కత్తికి చెప్పావా?"

బయట ఎవరో చెప్పులు విడుస్తున్న చప్పుడయింది. తొంగి చూస్తే ఖాజా. అతను గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రావాలో వద్దో తెలియనట్టు.

దస్తగిరి చేతులు తుడుచుకుని ఎదురెళ్లాడు.

"ఖాజన్నా, ఆ రోజు నువ్వన్న మాట నాకు ఇంకా మంటగానే ఉంది."

ఖాజా తల వంచుకున్నాడు.

"నాక్కూడా, తమ్ముడూ."

దస్తగిరి పక్కకు జరిగి దారి ఇచ్చాడు.