పిల్లి పట్టిన జపం

ఒకప్పుడు పిల్లికి ‘మ్యావ్’ తప్ప మరో కూత రాదు. ఆకలేస్తే మ్యావ్, కోపమొస్తే మ్యావ్, ముద్దొచ్చినా అదే మ్యావ్. ఇప్పుడు మీ ఒళ్ళో పడుకుని గురగురలాడుతుంది చూడండి, అప్పట్లో ఆ విద్య దాని ఇంటా వంటా లేదు.

ఆ రోజుల్లో ఒక కొండ వాలులో పేరిందేవి అవ్వ గుడిసె ఉండేది. అవ్వ రోజూ తెల్లవారగానే గడప ముందు చాప వేసుకుని, వెన్ను నిటారుగా పెట్టి, కళ్ళు మూసుకుని జపం చేసేది. పెద్ద మంత్రమేమీ కాదు, ఒక్క ఓంకారమే. ఆ గుడిసె చుట్టూ ఎవరూ ఎవర్నీ తినకూడదని అడవిలో ఒక కట్టుబాటు. అందుకే కోడిపెట్ట కూడా తన పిల్లల్ని భయం లేకుండా అక్కడే మేపుకునేది.

గుడిసె వెనక పంచలో ఎత్తుగా కట్టెలు పేర్చి ఉండేవి. వాటి పక్కన ఒక పాత చేటలో మచ్చల పిల్లి ఈనింది. మూడు కూనలు.

పుట్టిన కొత్తలో పిల్లి కూనలకు కళ్ళు తెరుచుకోవు, చెవులూ తెరుచుకోవు. లోకమంతా వాటికి చీకటి, నిశ్శబ్దం. తల్లి వేటకు వెళ్ళగానే అవి వెతుక్కుంటూ పాకడం మొదలుపెడతాయి. పోయిన కాన్పులో రెండు కూనలు అలాగే చేట దాటి పాకాయి. పిల్లి తిరిగొచ్చేసరికి గద్ద తన్నుకుపోయింది. కట్టుబాటు నేల మీదవాళ్ళకే కదా, గద్దకు అదేం పట్టింది! పిల్లి వారం రోజులు ముద్ద ముట్టలేదు.

“ఈసారి ఒక్కదాన్ని కూడా పోగొట్టుకోను” అని ఒట్టు పెట్టుకుంది.

ఒట్టయితే పెట్టుకుంది గానీ, కూనలు మాత్రం పాకడం మానలేదు. “మ్యావ్! ఇటు రండర్రా!” అని గొంతు చించుకున్నా ఒక్కటీ తల తిప్పలేదు.

కోడిపెట్ట కిసుక్కున నవ్వింది. “అదేంటి వదినా, నీ పిల్లలు నీ మాటే వినవా? నేను ఒక్కసారి కొక్కొక్కో అంటే నావి పరుగున వచ్చి రెక్కల కింద దూరతాయి.”

“నీవాటికి చెవులున్నాయి వదినా. నావాటికి ఇంకా తెరుచుకోలేదు.”

“అలాగా! అయితే అవ్వనడుగు. చెవులు లేనివాళ్ళను కూడా పిలవగలదు అవ్వ. నమ్మకపోతే రేపు పొద్దున వచ్చి చూడు” అంది కోడి.

మర్నాడు పొద్దున్నే గొర్రెలు కాసే నాగులమ్మ తన పసిబిడ్డను ఎత్తుకుని వచ్చింది.

“అవ్వా, దీనికి పుట్టు చెవుడాయె. నా జోల దీనికి వినబడదు. ఏడ్చి ఏడ్చి గుక్క పట్టేస్తోంది” అని కళ్ళొత్తుకుంది.

అవ్వ బిడ్డను గుండెల మీద బోర్లా పడుకోబెట్టుకుంది. పెదవులు మూసుకుంది. ఓంకారం చివర్న ఉండే ‘మ్మ్మ్’ను సన్నగా, పొడుగ్గా లోపలే సాగదీసింది. ఏడుపు ఆగింది. వెక్కిళ్ళు ఆగాయి. బిడ్డ నిద్రపోయింది.

పిల్లి కళ్ళు చక్రాల్లా తిరిగాయి. “కనిపెట్టేశాను! మహిమంతా ఆ మెళ్ళో రుద్రాక్షమాలలోనే ఉంది!” అనుకుంది. పిల్లి బుద్ధి ఎక్కడికి పోతుంది? అవ్వ మాల తీసి కొయ్యకు తగిలించి నీళ్ళకు వెళ్ళగానే, నోట కరుచుకుని ఉడాయించింది.

మాలను చేటలో పరిచి పక్కన కూర్చుంది. ఒక కూన రుద్రాక్షను పట్టుకుని పాలొస్తాయేమోనని చప్పరించింది. ఇంకోటి దాని మీదే నిద్రపోయింది. మూడోది, అన్నిటికన్నా చిన్నది, మాలను తొక్కుకుంటూ చేట దాటి పోయింది.

పిల్లి దాన్ని మళ్ళీ చేటలోకి చేర్చి, తల దించుకుని మాలను తెచ్చి అవ్వ కాళ్ళ దగ్గర పెట్టింది.

“ఏమే దొంగముఖమా! మంత్రమంటే ఉట్టి మీద పాలనుకున్నావా ఎత్తుకుపోవడానికి?” అంది అవ్వ నవ్వుతూ.

“తప్పయిపోయింది అవ్వా. నా పిలుపు నా పిల్లలకు అందట్లేదు. పోయిన కాన్పులో ఇద్దర్ని గద్ద...” అంటూ పిల్లి చేట వైపు తల తిప్పింది.

అవ్వ నవ్వు ఆగిపోయింది. పిల్లిని ఎత్తి గుండెలకు హత్తుకుని, “చెవులతో కాదు, ఒంటితో విను” అని జపం మొదలుపెట్టింది.

పిల్లి డొక్కలు జుమ్మన్నాయి. “అవ్వా, నీ లోపల తేనెపట్టు ఉందా ఏంటి?”

“ఏమీ లేదే పిచ్చిదానా. మంత్రాన్ని అరిస్తే ఊరందరికీ వినిపిస్తుంది. పెదవులు మూసి లోపలే తిప్పితే, తగిలి ఉన్నవాళ్ళకు అందుతుంది. ఒక్కటి గుర్తుపెట్టుకో. గుండెలో భయం ఉంటే గొంతు పట్టేస్తుంది, నాదం పలకదు. ముందు ఊపిరి నెమ్మదించాలి. అది నెమ్మదిస్తే మిగతాదంతా దాని వెనకే వస్తుంది.”

పిల్లి ఆ రోజే సాధన మొదలుపెట్టింది. మొదటిరోజు ఎక్కిళ్ళు వచ్చాయి. రెండోరోజు దగ్గు వచ్చింది.

“గొంతులో చేపముల్లు గుచ్చుకుందా వదినా?” అని కోడి ఎగతాళి చేసింది.

“నవ్వుకో వదినా, నవ్వుకో. ఇది రాకుండా వదిలితే నేను పిల్లినే కాదు” అంది పిల్లి. సాధనమున పనులు సమకూరుతాయంటారు కదా, మూడోరోజు సాయంత్రానికి గొంతులో సన్నగా ‘గుర్ర్’ మంది. కాసేపే నిలిచింది. అయినా పిల్లి మీసాలు గర్వంతో నిక్కబొడుచుకున్నాయి.

నాలుగోరోజు మధ్యాహ్నం పిల్లి వేటలో ఉండగా తొలకరి వాన విరుచుకుపడింది. పిల్లి ఒక్క పరుగున వచ్చి చూస్తే చేట ఖాళీ! కూనలు మూడూ కట్టెల కుప్ప కిందికి, సందుల్లోంచి లోలోపలికి పాకిపోయాయి. పిల్లి తల కూడా పట్టనంత ఇరుకు సందులవి. కొండ మీంచి ఎర్రనీళ్ళు కట్టెల వైపే వస్తున్నాయి.

అవ్వ తడుస్తూనే పరుగెత్తుకొచ్చి ఒక కట్టె పట్టుకు లాగబోయింది. కుప్ప మొత్తం ఊగింది. “లాగితే కూలిపోతుందే! లోపల పిల్లలు నలిగిపోతాయి!” అని వదిలేసింది.

“ఓ వానా, నీకు దణ్ణం పెడతాను, కాస్త ఆగు!” అని పిల్లి ఏడ్చింది.

“నన్ను తిట్టినా మొక్కినా ఒకటే. మబ్బు వదిలింది, నేను దిగాను. ఆగడం నా చేతిలో లేదు. నీ పిల్లల్ని నువ్వు పిలుచుకో, తొందరగా!” అంది వాన.

పిల్లి మ్యావ్ మ్యావ్ అంటూ కుప్ప చుట్టూ తిరిగింది. గుండె దడదడలాడుతోంది. గొంతులో గురగుర లేదు, ఏమీ లేదు.

“ముందు ఊపిరి!” అని అరిచింది అవ్వ.

పిల్లి ఆగింది. అడుగు కట్టెకు పొట్ట ఆనించి పడుకుంది. తోకను నీళ్ళు తడుపుతున్నాయి. పిల్లికి నీళ్ళంటే ఎంత అసహ్యమో మీకు తెలుసుగా! అయినా కదల్లేదు. పెదవులు మూసింది, కళ్ళు మూసింది, ఊపిరిని నెమ్మదిగా పీల్చి నెమ్మదిగా వదిలింది.

గుర్ర్ర్...

కట్టె జుమ్మంది. దాన్ని ఆనుకున్న కట్టె జుమ్మంది. లోపలున్న కూనల పొట్టలకు ఆ జుమ్ము తగిలింది. ఒక కూన ముక్కు బయటికొచ్చింది. అవ్వ దాన్ని కొంగులో వేసుకుంది. కాసేపటికి రెండోది వచ్చింది.

చిన్నది రాలేదు. పిల్లి కళ్ళు తెరిచి సందులోకి చూసింది: నాలుగడుగులు ఇటు పాకడం, ఆగిపోవడం, మళ్ళీ అటు తిరగడం. నీళ్ళు దాని కాళ్ళను తాకాయి.

పిల్లికి అప్పుడు తెలిసింది. ఊపిరి వదిలేటప్పుడే తను గురగురమంటోంది. పీల్చేటప్పుడు నాదం తెగిపోతోంది. ఆ కాస్త ఎడంలో బిడ్డకు దారి తప్పిపోతోంది.

“అవ్వా, పీల్చేటప్పుడు కూడా చెయ్యొచ్చా?”

“నాకు తెలియదే తల్లీ! డెబ్బై ఏళ్ళుగా జపం చేస్తున్నాను, పీల్చేటప్పుడు నేనూ ఆపుతాను.”

“అయితే నేను చేస్తాను” అంది పిల్లి.

చేసింది. ఊపిరి వదులుతూ గుర్ర్ర్. తెగనివ్వకుండా, పీలుస్తూ గుర్ర్ర్. మళ్ళీ వదులుతూ, మళ్ళీ పీలుస్తూ. దారం తెగలేదు. చిన్నది తల తిప్పింది. పాకింది. నీళ్ళలో మునిగింది, తేలింది, మళ్ళీ పాకింది. చివరికి తడి ముక్కు వచ్చి తల్లి పొట్టకు తగిలింది. పిల్లి దాన్ని నోట కరుచుకుని దూకేసరికి, వరద కట్టెల కిందనుంచి హోరుమని దూసుకుపోయింది.

గుడిసెలో పొయ్యి పక్కన మూడు కూనలూ పాలు తాగుతుంటే అవ్వ పిల్లికి చేతులు జోడించింది. “ఈ ఒక్క విద్యలో నువ్వే నాకు గురువువి. నేర్పవే” అంది.

“గిన్నెడు పాలు పోస్తే నేర్పుతాను” అంది పిల్లి. ప్రాణాలు కుదుటపడ్డాక పిల్లి పిల్లే కదా!

అవ్వ పాలు పోసింది, ఎంతో ప్రయత్నించింది కూడా. మనుషుల గొంతుకు అది పట్టుబడలేదు.

అప్పటినుంచే పిల్లి గురగురలాడుతోంది. తల్లి ఒంటి జుమ్మును పట్టుకునే కళ్ళూ చెవులూ తెరవని కూనలు పాల దగ్గరికి చేరుతున్నాయి. దెబ్బ తగిలినా, భయమేసినా పిల్లి అదే జపం పట్టుకుని గుండెను నిమ్మళం చేసుకుంటుంది. కావాలంటే ఈసారి దాని పొట్ట మీద చెయ్యి పెట్టి చూడండి. ఊపిరి వదిలినా ఆ నాదం ఆగదు, పీల్చినా ఆగదు. ఎక్కడో ఒక చిన్న కూన ఇంకా దారిలోనే ఉందేమోనని.